నిమ్మకాయలు తొక్కించిన కారు



కొత్త కారు చేతికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని గుడికి తీసుకుపోవడం. బానెట్ మీద పసుపు, కుంకుమ, ఓ బంతిపూల దండ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. స్టీరింగు దగ్గర కూచున్నాయన మెల్లిగా క్లచ్ వదులుతాడు, కాయలు చితుకుతాయి, చుట్టూ నిలబడ్డవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా అక్కడి గుడి పార్కింగులో ఈ ముచ్చట తీర్చుకుంటూనే ఉంటారు. తమాషా ఏమిటంటే, ఆ దేశంలో నిమ్మకాయ అంటే కొన్న దగ్గర్నుంచీ రిపేర్లతో సతాయించే కారు అని కూడా అర్థం. అలాంటి కారు అంటగట్టిన కంపెనీ వేరే కారైనా ఇవ్వాలి, డబ్బైనా వాపసు చెయ్యాలి అనే చట్టాన్ని వాళ్లు వాడుకలో 'లెమన్ లా' అంటారు. 1982లో కనెటికట్ రాష్ట్రం మొదలుపెట్టింది, మిగతా రాష్ట్రాలు దాని వెనకే నడిచాయి. రాష్ట్రానికో లెక్క ఉంది గానీ, స్థూలంగా ఒకే లోపానికి మూడు నాలుగు సార్లు రిపేరు చేసినా కుదరకపోయినా, మొత్తం మీద ఓ 30 రోజులు షెడ్డులోనే పడి ఉన్నా, ఆ కారు నిమ్మకాయ కిందే జమ.

మనకు అలాంటి లెక్క లేదు. మూడుసార్లా, ముప్పైసార్లా అన్నది మన చట్టంలో ఎక్కడా రాసిలేదు. మనకున్నది వినియోగదారుల రక్షణ చట్టం. మిక్సీకీ, సెల్‌ఫోనుకీ, కారుకీ అదొక్కటే. 1986 నాటి పాతది పోయి 2019లో కొత్తది వచ్చింది, 2020 జూలై 20 నుంచి అమలవుతోంది. కొన్నవాడి చేతికి అది బాగానే బలమిచ్చింది. ఆ బలం కోర్టు మెట్ల దగ్గర కాదు, అంతకు చాలాముందే, సర్వీస్ సెంటరు కౌంటరు దగ్గర మన చేతుల్లోంచి జారిపోతుంది. ఈ సంగతి నాకు మా తోడల్లుడి కారు నేర్పింది.

అతనిది కొవ్వూరు, ఉద్యోగం రాజమండ్రిలో. దసరాకి 11 లక్షలు పెట్టి పెట్రోలు కారు కొన్నాడు. రోజూ గోదావరి మీద రోడ్డు-రైలు వంతెన దాటి పోవాలి, రావాలి. మూడో నెలలో ఓ సాయంత్రం ఫోను. "అన్నయ్యా, బ్రిడ్జి మీదున్నాను. బండి దానంతటదే ఆగిపోయింది. కింద రైలు పోతోంది, బ్రిడ్జంతా అదురుతోంది. వెనకాల ఒకటే హారన్లు." పది నిమిషాలాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయిందట. మర్నాడు సర్వీస్ సెంటరుకి తీసుకెళ్లాడు. వాళ్లు లాప్‌టాప్ తగిలించి చూసి, "ఏ కోడూ చూపించట్లేదు సార్" అన్నారు. రెండోసారి ఆగితే, "పెట్రోలు తేడా అయ్యుంటుంది, బంకు మార్చి చూడండి" అన్నారు. మూడోసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. నాలుగోసారి పెట్రోలు పంపు మార్చారు. ఐదోసారి మళ్లీ లాప్‌టాప్.

ఆ ఆదివారం అతను ఫైలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కంపెనీ మీద కేసు వేస్తానంటాడు, కొత్త కారు ఇచ్చేదాకా వదలనంటాడు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. నేను ఫైలు విప్పి జాబ్ కార్డులు ఒక్కొక్కటే చదివాను. బండి షెడ్డులోకి పోగానే మన చేత సంతకం పెట్టించుకుని ఇస్తారే, ఆ కాగితం. అందులో 'కస్టమర్ వాయిస్' అని ఒక గడి ఉంటుంది. కస్టమరు ఏం చెప్పాడో అక్కడ రాయాలి. ఐదు కార్డుల్లోనూ వరసగా ఏముందో చెప్తాను వినండి. 'జనరల్ చెకప్.' 'పికప్ తక్కువ.' 'పీరియాడిక్ సర్వీస్, వాషింగ్.' 'జనరల్ చెకప్.' 'ఏసీ చెక్.' నడుస్తూ నడుస్తూ ఇంజను ఆగిపోతోంది అన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు. ప్రతి కార్డు కిందా, పని తృప్తికరంగా ఉందని అచ్చేసిన వాక్యం దగ్గర, మావాడి సంతకం మాత్రం ముత్యాల్లా ఉంది.

"నేను చెప్పాను అన్నయ్యా, ఐదుసార్లూ నోటితో చెప్పాను" అన్నాడు.

చెప్పాడు, నాకు అనుమానం లేదు. కానీ ఈ ఐదు కాగితాలు ఒక న్యాయమూర్తి ముందు పెడితే ఆయనకు కనపడేదేమిటి? ఓ బుద్ధిమంతుడైన యజమాని, ఓ ఆరోగ్యవంతమైన కారు, వేళకు వాషింగు.

కోర్టుల్లో లెక్క ఎలా ఉంటుందో కాస్త చెప్పుకోవాలి. కారులో తయారీ లోపం ఉందని మనం అంటే, దాన్ని నిరూపించే బరువు మామూలుగా మన నెత్తినే ఉంటుంది. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. వారంటీలో విడిభాగం మారుస్తామని కంపెనీ రాసిచ్చినప్పుడు, చెడిపోయింది ఆ భాగమే అయినప్పుడు, భాగం మార్పించుకోవాలి గానీ బండికి బండి ఇమ్మనడం కుదరదని దాని సారాంశం. కంపెనీ వకీళ్లు ప్రతి కేసులోనూ ఈ తీర్పు పట్టుకొస్తారు. కాబట్టి మనం తేల్చుకోవలసింది ఇది: మనది భాగంలో లోపమా, బండిలోనే పుట్టుకతో వచ్చిన లోపమా? పంపు మార్చాక కూడా ఇంజను ఆగితే, జబ్బు పంపుది కాదన్నమాట. అదే ఫిర్యాదు, అదే మాటల్లో, మూడు నాలుగు కార్డుల్లో వరసగా ఉంటే ఆ సంగతి కాగితాలే చెప్తాయి. 'జనరల్ చెకప్' అని ఉంటే చెప్పవు.

అలాగని కోర్టులన్నీ కంపెనీల వైపే మొగ్గాయనుకోకండి. 2004లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ డీజిల్ కారు కేసులో, లోపాలున్న బండిని సరికొత్తదని అమ్మజూడటం సిగ్గుచేటని సుప్రీంకోర్టు మొహం మీదే అంది. లోపం ఒప్పుకోకుండా కోర్టుల చుట్టూ తిప్పినందుకు కూడా తప్పుపట్టింది. మారుతి తీర్పు వచ్చిన కొన్నేళ్లకు, ఇంజను చప్పుడు మీద గొడవైన ఒక ఫియట్ కారు కేసులో, స్వతంత్ర నిపుణుడికి చూపించండి, పుట్టుకతోనే లోపమని అతను తేలిస్తే కారు ధరా, కట్టిన లైఫ్ ట్యాక్సూ 12 శాతం వడ్డీతో వాపసివ్వండి అని చెప్పింది. లైఫ్ ట్యాక్సు మాట గుర్తుపెట్టుకోండి. మనవాళ్లు కేసు వేసేటప్పుడు షోరూము ధర ఒక్కటే అడిగి ఊరుకుంటారు. ట్యాక్సు, ఇన్సూరెన్సు, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఆటోలకూ టాక్సీలకూ అయిన ఖర్చు కూడా అడగొచ్చు, రసీదులుంటే.

నాకు అన్నిట్లోకీ నచ్చిన తీర్పు 2022 ఏప్రిల్లో వచ్చింది. హ్యుందాయ్ క్రెటా కారుకు 2017లో ప్రమాదం జరిగింది, ముందున్న ఎయిర్‌బ్యాగులు విచ్చుకోలేదు. గుద్దుకున్న బలం సరిపోలేదు, అందుకే తెరుచుకోలేదు అంది కంపెనీ. వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టడానికి కారు కొన్న మనిషి భౌతికశాస్త్రం చదవాలా అన్న ధోరణిలో సుప్రీంకోర్టు ఆ వాదన తోసేసింది. వాహనం మార్చివ్వమన్న కింది ఉత్తర్వు నిలబెట్టింది. లోపం అంత కళ్లకు కట్టినట్టున్నప్పుడు నిపుణుడి రిపోర్టు లేదని వంక పెట్టడానికి లేదు. అయితే మీరు గమనించే ఉంటారు, ప్రమాదం 2017లో, చివరి మాట 2022లో. చట్టం పుస్తకంలో మాత్రం, పరీక్ష అక్కర్లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష కావలసింది ఐదు నెలల్లో తేల్చడానికి చూడాలని ఉంది. ఆ ఆశతో ఎవరూ కేసు వెయ్యకండి, ఓపికతో వెయ్యండి.

సరే, మా ఫైలు దగ్గరికొద్దాం. ఆరోసారి సర్వీస్ సెంటరుకి నేనూ వెళ్లాను. కౌంటరు వెనకాల పాతికేళ్లు నిండని కుర్రాడు, మెళ్లో ట్యాగు, రెండు చేతుల్లో రెండు ఫోన్లు. మంచివాడే. మావాడు చెప్తుంటే విని, కంప్యూటర్లో ఏదో కొట్టాడు. స్క్రీను ఇటు తిప్పమన్నాను. మళ్లీ అదే, 'జనరల్ చెకప్'.

"బాబూ, ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి. ఏసీ వేసి ఎత్తు ఎక్కుతుంటే ఇంజను ఆగిపోతోంది, ఇది ఆరోసారి. కిలోమీటరు రీడింగు కూడా వెయ్యి."

"అలా రాస్తే పైనుంచి అడుగుతారు సార్."

"అడగాలనే కదా మేమొచ్చింది."

నవ్వేశాడు. కొట్టాడు. ప్రింటు తీసి, స్టాంపు వేసి ఇచ్చాడు. ఆ తర్వాత నేనడిగిన రెండో పని, నువ్వే నడుపు, మేం పక్కన కూచుంటాం అని. ఇలా కలిసి రోడ్డు మీద పరీక్ష చెయ్యమని అడగడం మన హక్కా కాదా అన్న చర్చ ఎందుకు గానీ, గట్టిగా అడిగితే ఎవరూ కాదనరు. మధ్యాహ్నం రెండింటికి ఏసీ పెట్టుకుని వంతెన ఎక్కాం. రెండుసార్లు అటూ ఇటూ తిరిగాం, కారు బుద్ధిగా నడిచింది. మావాడి మొహంలో రక్తం లేదు. మూడోసారి కొవ్వూరు వైపు నుంచి ఎక్కుతుంటే ముందు ఏసీ చప్పుడు మారింది, తర్వాత స్టీరింగు బిగుసుకుంది, మీటరు మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. బండి ఆగింది. కుర్రాడు తాళం తిప్పుతున్నాడు, కింద ఏదో గూడ్సు పోతోంది. "నిజమే సార్" అన్నాడు. నేను ఫోనులో వీడియో తీస్తూనే ఉన్నాను. మీటరు రీడింగు, వెలిగిన దీపాలు, వంతెన కమ్మీలు, కుర్రాడి గొంతు అన్నీ అందులో పడ్డాయి. వెనక్కెళ్లాక జాబ్ కార్డు మీద తన చేత్తో 'రోడ్ టెస్టులో ఇంజను ఆగడం గమనించాం' అని రాశాడు. ఆ ఒక్క వాక్యం ముందున్న ఐదు కార్డుల కన్నా బరువు తూగింది.

బండి వెనక్కి తీసుకునేటప్పుడు సంతకం చెయ్యనంటే తాళాలివ్వరు, ఆ ఇబ్బంది నాకు తెలుసు. సంతకం పక్కనే 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను, లోపం ఇంకా నిర్ధారణ కాలేదు' అని ఓ ముక్క రాసి, ఫొటో తీసుకోండి. ఇంటికొచ్చి అదే విషయం డీలరుకీ కంపెనీకీ ఈమెయిల్ చెయ్యండి. వాట్సాప్‌లో సర్వీస్ సెంటరు సలహాదారుకి పెట్టిన 'ప్లీజ్ చెక్ బ్రదర్' లాంటివి అంత పనికిరావు. తేదీ, కిలోమీటర్లు, ఏం జరిగింది, ఇది ఎన్నోసారి. నాలుగు ముక్కలు చాలు. ఇంకొక్క జాగ్రత్త. ఈ గొడవ నడుస్తుండగా బయట మెకానిక్కుకి విప్పి చూపించకండి. బయట మ్యూజిక్ సిస్టమ్ బిగించి వైరింగు కోయించకండి. వారంటీ రద్దయిందనడానికి అంతకన్నా సులువైన దారి కంపెనీకి దొరకదు.

బ్యాంకు వాయిదా ఆపేస్తే ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. ఆపకండి. కారు చెడింది గానీ బ్యాంకు వాడి అప్పు చెడలేదు. మీ సిబిల్ స్కోరు పోతుంది, పైగా బండి లాక్కుపోతారు, అప్పుడు చూపించడానికి సాక్ష్యం కూడా మిగలదు.

ఉత్తరాలతో కదలకపోతే 1915కి ఫోను చెయ్యొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు కోర్టు కాదు, కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు రాబడతారు, అంతే. కొన్నిసార్లు అంతే చాలు. ఆ తర్వాతది జిల్లా వినియోగదారుల కమిషన్. మనం ఇంకా ఫోరమ్ అనే అంటున్నాం, పేరు మారింది. వస్తువుకు ఇచ్చిన డబ్బు 50 లక్షల లోపైతే జిల్లాలో, ఆపైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్‌లో. అంటే మనం కొనే కార్లలో నూటికి తొంభై పైన జిల్లాలోనే తేలతాయి. ఫీజు వింటే ఆశ్చర్యపోతారు. 5 లక్షల దాకా ఏమీ లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. మావాడి 11 లక్షల కారుకి 400 అయింది. బండికి వేసిన దండ అంతకన్నా ఎక్కువ.

2019 చట్టం చేసిన మంచి పనుల్లో నాకు అన్నిటికన్నా మంచిదనిపించేది, మనం ఉన్న ఊరి జిల్లాలోనే కేసు వేసుకోవచ్చనడం. షోరూము విజయవాడలో, కంపెనీ గుర్గావ్‌లో ఉన్నా వాళ్లే మన దగ్గరికి రావాలి. డీలరునీ, తయారీ కంపెనీనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా పెట్టండి. ఒక్కర్నే పెడితే తప్పు రెండోవాడిదంటాడు. కారణం పుట్టిన రెండేళ్లలోపు వెయ్యాలి. "చూస్తాం సార్, చేస్తాం సార్" అని నెట్టుకుపోయే షోరూముల లెక్క కూడా ఈ రెండేళ్లే. నోటీసు అందాక కంపెనీకి జవాబివ్వడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఆపైన ఒక్కరోజు కూడా కుదరదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. లోపం కంటికి కనపడనిదైతే పరీక్షకు పంపమని దరఖాస్తు పెట్టాలి. ఆ ఖర్చు ముందు మన చేత కట్టించొచ్చు, రిపోర్టు 45 రోజుల్లో రావాలి. ఈ దరఖాస్తు పెట్టకుండా 'నాకు తెలుసు, లోపమే' అని వాదించి ఓడినవాళ్లు చాలామంది. గెలిస్తే, కంపెనీ అప్పీలుకు పోవాలంటే తీర్పు సొమ్ములో సగం ముందు జమకట్టాలి.

సొంతంగా టాక్సీ నడుపుకునే తమ్ముళ్లు, మాది వ్యాపారం కదా, మాకు వర్తించదనుకుంటారు. పొట్టకూటికి స్వయంగా నడుపుకునే బండి అయితే మీరూ వినియోగదారులే.

డెలివరీ నాటి సంగతి ఒకటి చెప్పాలి, ఇది అసలు మొదట్లో చెప్పాల్సింది. ఛాసిస్ నంబరులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. చాలా కంపెనీల్లో పదో అక్షరం తయారైన సంవత్సరాన్ని చెప్తుంది. 2024 అయితే ఆర్, 2025 అయితే ఎస్. గోవాలో ఒకాయన 2011 మోడల్ అనుకుని డబ్బు కట్టిన టాటా కారు 2009లో తయారైంది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డీలరు చేసినదాంట్లో కంపెనీకి భాగముందని, ముందే తెలుసని చూపించలేకపోయారు కాబట్టి 2021లో తయారీ కంపెనీని బాధ్యత నుంచి తప్పించారు. రిజిస్ట్రేషన్ కాకముందు, తాత్కాలిక (టీఆర్) నంబరు కూడా పడకముందు యార్డుకెళ్లి, పగటి వెలుతురులో బండి చూసుకుని, ఆ నంబరు చదువుకుని రండి. రిజిస్ట్రేషన్ అయ్యాక డీలరు మాట మారుస్తాడు.

మీ ఒక్క బండే కాదు, అదే మోడల్ అందరికీ ఆగుతోందని తెలిస్తే దానికి వేరే దారుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికిచ్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ నిబంధనలు నడుస్తున్నాయి. ఏడేళ్ల లోపు బండ్లకు వర్తిస్తాయి. ఫిర్యాదు వాహన్ పోర్టల్లో పెట్టొచ్చు.

మా తోడల్లుడి కేసు తీర్పు దాకా రాలేదు. ఫిర్యాదుతో పాటు ఆరో జాబ్ కార్డూ, వీడియో కూడా కమిషన్ ముందుకెళ్లాక, రెండో వాయిదాకి కంపెనీ తరఫు వకీలు రాజీ మాట ఎత్తాడు. ఇద్దరూ ఒప్పుకుంటే కమిషన్ మధ్యవర్తి దగ్గరికి పంపుతుంది. అక్కడ మూడుసార్లు కూచున్నారు. వైరింగు కట్ట మొత్తం మార్చారు, ఇంజను కంప్యూటరు మార్చారు, వారంటీ ఇంకో రెండేళ్లు పొడిగించారు, ఖర్చుల కింద కొంత సొమ్మిచ్చారు. కొత్త కారు ఇమ్మని పట్టుబట్టాల్సిందని నేనిప్పటికీ అంటాను. అతను ఒప్పుకోడు, వాయిదాలకు సెలవులు దొరకట్లేదంటాడు. ఏడాదిన్నరయింది, కారు మళ్లీ ఒక్కసారి కూడా ఆగలేదు. మొన్న అతనితో కలిసి రాజమండ్రి వెళ్లాను. మే నెల, అద్దాలన్నీ మూసున్నాయి, లోపల చల్లగా ఉంది. వంతెన ఎక్కబోయే ముందు ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపి ఏసీ కట్టేసి, అద్దం దించాడు.